ఊరి ఖజానా ఊరి చేతికి రావాలి

ఊళ్లో నాలుగు వందల అడుగుల మురుగు కాలువ కట్టాలంటే గ్రామసభ తీర్మానం ఒక్కటే సరిపోదు. అంచనాలు మండలానికి వెళ్లాలి, అనుమతి రావాలి, పని అయ్యాక ఇంజినీరు కొలతల పుస్తకం (ఎంబీ) రికార్డు చేయాలి, బిల్లు ట్రెజరీకి చేరాలి. అక్కడ నెలల తరబడి పెండింగే. మేస్త్రీకి, కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు సర్పంచి వడ్డీకి తెచ్చి సర్దుతాడు. ఆ అప్పు తీరకముందే ఇంకో పని చేయించమంటే ఎవరు ముందుకొస్తారు? రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ప్రభుత్వాలు మారినా ఈ పరిస్థితి మారలేదు.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చారు. వ్యవసాయం, చిన్న నీటి వనరులు, చేపల పెంపకం, కుటీర పరిశ్రమలు, సంతలు... వీటిలో చాలావరకు ఊళ్లో పని పుట్టించేవే. కానీ ఏ అధికారం ఇవ్వాలో, ఏ పన్ను వేసుకోనివ్వాలో తేల్చే పని రాష్ట్రాలకే వదిలేశారు. బాధ్యతలు కిందికి దిగాయి, డబ్బు మాత్రం పైనే ఉండిపోయింది.

రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో వెలువరించిన నివేదిక ప్రకారం 2022–23లో ఒక్కో పంచాయతీ సొంత పన్నుల రాబడి సగటున 21 వేల రూపాయలు. కేంద్రం గ్రాంట్లు సుమారు 17 లక్షలు, రాష్ట్రాలవి మూడున్నర లక్షల లోపు. సొంత రాబడి ఇంత తక్కువైతే సర్పంచి చూపు ఊరి జనం మీద కాకుండా పై ఆఫీసు మీదే ఉంటుంది. ఆ గ్రాంట్లకూ షరతులున్నాయి. 2021–26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన దానిలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు. అవసరమైనవే, కాదనం. కానీ వరి కోతలప్పుడు రైతులు ధాన్యం తారురోడ్డు మీద ఆరబోసుకుంటుంటే, ఖాతాలో డబ్బుండి కూడా నాలుగు కల్లాలు కట్టించలేని పంచాయతీని ఏమనాలి?

ఉపాధి కోణంలో చూస్తే నష్టం ఇంకా పెద్దది. జిల్లా స్థాయిలో పిలిచిన పెద్ద టెండరు బయటి కాంట్రాక్టరుకు పోతుంది, యంత్రాలు వస్తాయి, బిల్లు డబ్బు ఊరు దాటిపోతుంది. అదే చెరువు తూము మరమ్మతు, కల్వర్టు, ధాన్యం గోదాము లాంటివి ఊరే చేయిస్తే స్థానిక మేస్త్రీకి, ట్రాక్టరున్న కుర్రాడికి, కూలీకి పని దొరుకుతుంది. ఆ కూలి డబ్బు మళ్లీ ఊరి అంగళ్లలోనే తిరుగుతుంది. వలసలు ఆపాలంటే ఈ తిరుగుడు పెరగాలి. కేరళ 1996లో ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. లోపాలు బయటపడ్డా, ప్రభుత్వాలు మారినా ఆ పద్ధతిని వదులుకోలేదు. మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం ఇచ్చిన నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కాల్సి వచ్చింది. తెలంగాణలో 2024 ఆరంభంలో పాలకవర్గాల గడువు ముగిశాక ఎన్నికలు జరపక ప్రత్యేకాధికారులతో నడిపితే ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోయాయి.

ఊరి చేతికి డబ్బిస్తే తినేస్తారన్నది పాత వాదన. తినేవాళ్లు ఉంటారు, ఊరి పెద్దలు పనులన్నీ తమ వాళ్లకే కట్టబెట్టే ప్రమాదమూ ఉంది. అయితే ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరి జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఆ తనిఖీని పంచాయతీ బడ్జెట్టుకూ వర్తింపజేయొచ్చు. కాలువలో ఎన్ని బస్తాల సిమెంటు పడిందో ఆ వీధివాళ్ల కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

పంచాయతీలు చేయాల్సిందీ ఉంది. ఓట్లు పోతాయన్న భయంతో ఇంటి పన్ను సవరించకుండా, బకాయిలు అడగకుండా ఎల్లకాలం గ్రాంట్ల కోసం చేతులు చాచడం సరికాదు. ఏజెన్సీ గ్రామాల్లో పన్ను వేయడానికే ఏమీ ఉండదు, వాటికి ఎక్కువ వాటా రావాలి.

స్టాంపు డ్యూటీ సర్‌చార్జీ, ఇసుక, కంకర తవ్వకాల మీద వసూలు చేసే రుసుము (సీనరేజీ)లో పంచాయతీలకు రావాల్సింది ఏ నెలది ఆ నెల నేరుగా వాటి ఖాతాల్లో పడాలి. రాష్ట్రాల సొంత పన్నుల రాబడిలో స్థానిక సంస్థలకు ఎంత శాతమో చట్టంలోనే రాయాలి. స్థానిక సంస్థలకు ఎంత వాటా ఇవ్వాలో సిఫారసు చేసే రాష్ట్ర ఆర్థిక సంఘాల నివేదికలను, వాటిపై తీసుకున్న చర్యలను శాసనసభ ముందు పెట్టాలని రాజ్యాంగంలోని 243ఐ అధికరణం స్పష్టంగా చెబుతోంది. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే రెండు ప్రభుత్వాలూ ఆ పని చేయాలి.