పళ్ళు ఊడిన జొడిపి

1986లో అమెరికాలోని లాంకాస్టర్ పశువుల సంతలో, చచ్చిన జీవాల కుప్ప మీద ప్రాణంతో దొరికి, ఆ తరువాత ఫార్మ్ శాంక్చురీ అనే పశువుల ఆశ్రయంలో పదేళ్ళకు పైగా హాయిగా బతికిన హిల్డా అనే గొర్రె గురించి ఒక వ్యాసంలో చదివినప్పుడు, మా దొడ్డిలోని ముసలి జొడిపి గుర్తుకు వచ్చింది. తెల్లటి ఒంటితో, కళ్ళ చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలుండే నెల్లూరు రకం అది. ఈతలు ఉడిగి కోతకు పోతున్నదాన్ని మా నాన్నగారు సంతలో కొని తెచ్చారు.

గొర్రెకు సుమారు నాలుగేళ్ళకు కింది దవడ ముందు పళ్ళు ఎనిమిదీ పూర్తవుతాయి. ఆపైన అవి అరిగి ఊడిపోతుంటే, ఎదురుగా ఎంత గడ్డి ఉన్నా కొరకలేక చిక్కిపోతుంది. అందుకే మేము పచ్చగడ్డిని సన్నగా తరిగి, తవుడు, వేరుశెనగ చెక్క నానబెట్టి పెట్టేవాళ్ళం. (ఆవులకు వాడే ఖనిజ మిశ్రమం మాత్రం పెట్టకండి, రాగి ఎక్కువైతే గొర్రెకు విషమే.)

చివరి వేసవిలో అది ముందు మోకాళ్ళ మీద వంగి మేసేది. పశువైద్యుణ్ణి పిలవడంలో నేను వారం ఆలస్యం చేశాను, అది నా తప్పే. బాధ లేకుండా కన్నుమూసేందుకు ఆయన ఇంజెక్షన్ ఇస్తున్నంతసేపూ దాని తల మా అమ్మ ఒడిలోనే ఉంది. దవడ నెమరు వేస్తున్నట్టుగా రెండుసార్లు కదిలి ఆగిపోయింది. ఆయన చెప్పినట్టే తోటి గొర్రెను దగ్గరకు వదిలాము. అది చెవి దగ్గర వాసన చూసి వేపచెట్టు కిందికి వెళ్ళింది గానీ, మూడు సాయంత్రాలు దొడ్డి తలుపు దగ్గర నిలబడి అరుస్తూనే ఉంది.