దెయ్యంతో కలిపి అద్దె ఎంత?

సొంతిల్లు ఉన్నవాడికి బావమరిది ఉండకూడదు. ఉన్నా, ఉద్యోగం చేసుకునే బావమరిది అయ్యుండాలి. ఉద్యోగం లేకపోయినా సర్దుకుపోవచ్చు గానీ, హైదరాబాదులో కొన్నాళ్లు సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగొచ్చిన బావమరిది మాత్రం పగవాడికి కూడా వద్దు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలోకి వెళ్లిపోయింది గానీ, ఊళ్లో చాలామందిమి తెలుగులోనే ఉండిపోయాం. ఆటో ఎక్కితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇక్కడ పాలవాడితో తెలుగు, పోస్టుమాస్టరుతో ఒడియా, పిల్లల ఫీజుల దగ్గర రెండూ. మా బావమరిది లెక్క దీంతోనే మొదలైంది. "ఒక్క సినిమా తీస్తే రెండు రాష్ట్రాల్లో ఆడుతుంది బావా. అందులోనూ దెయ్యం సినిమా. కేకకి డబ్బింగ్ ఖర్చుండదు."

ఆ తర్వాత అమెరికా కథ ఎత్తుకున్నాడు. పారానార్మల్ యాక్టివిటీ అని ఒక సినిమా. తీసినాయన శాన్ డియాగోలో తన సొంతింట్లోనే, చిన్న కెమెరాతో, సుమారు 15 వేల డాలర్లలో తీసేశాడు. 2009లో హాళ్లకొచ్చి 19 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. నిజమే, తర్వాత నేనూ చూశాను. ఓ జంట నిద్రపోతుంటారు, కెమెరా గదిలో ఓ పక్కన నిలబడి ఉంటుంది, చాలాసేపు ఏమీ జరగదు. తలుపు కాస్త కదులుతుంది. అంతే, మనం దుప్పటి పైకి లాక్కుంటాం.

"ఆయన సొంతింట్లో తీసుకున్నాడ్రా, నీకేదీ ఇల్లు?" అన్నాను.

"నీది నాది కాదా బావా?" అన్నాడు. మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంక నేను మాట్లాడ్డానికి ఏం మిగిలింది?

ఇల్లు చూసి వాడు చాలా మెచ్చుకున్నాడు. మెట్ల కింద చీకటి బాగుందన్నాడు. పై వాటాలో, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గోడకి పట్టిన చెమ్మ మరక ఒకటుంది. రెండుసార్లు సున్నం కొట్టించినా మళ్లీ పైకొస్తుంది. దాని ముందు నిలబడి, గుళ్లో దణ్ణం పెట్టుకున్నట్టు చేతులు జోడించి, "ఆర్ట్ డైరెక్టర్ ఖర్చు మిగిలిపోనాది" అన్నాడు. పై వాటా అప్పటికి ఖాళీ. గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. దాన్ని కూడా తియ్యొద్దన్నాడు, కథలో వాడుకుంటాట్ట.

దెయ్యం వేషానికి ఆడపిల్లలెవరూ ఒప్పుకోలేదు. బజార్లో సెల్‌ఫోన్ షాపులో రీఛార్జులూ రిపేర్లూ చేసే కుర్రాణ్ణి పట్టుకొచ్చి సవరం పెట్టారు. తెల్లచీర కావాలంటే మా ఆవిడ దగ్గర లేదు. బీరువాలోంచి బరంపురం పట్టుచీర తీసిచ్చింది, అదీ కుంభం అంచుది. ఎవరింట్లోనైనా పెళ్లైతే తప్ప కట్టని చీర. నేను బజారు నుంచి కూరలు తెచ్చే సంచీ అడిగితే మాత్రం పాతది ఇస్తుంది.

ఇక రక్తం. హాలీవుడ్‌లో మొక్కజొన్న పాకంలో రంగు కలిపి చేస్తారట. ఇంకా వెనక్కెళ్తే, 1968లో ఓ నలుపు తెలుపు సినిమాకి చాక్లెట్ పాకాన్నే రక్తంగా వాడారు, తెర మీద నలుపే కదా. మా బావమరిది మా వంటింట్లో పంచదార పాకం పట్టి, జిలేబీలకి వాడే రంగు కలిపాడు. తీగపాకం. మెట్ల మీద ఒలకబోశాడు, గోడకి చిమ్మాడు, దెయ్యం బుగ్గలకి పూశాడు. సాయంత్రానికి చీమలొచ్చాయి. మొదట నల్లవి, తర్వాత ఎర్రవి. మెట్ల అంచున వరస కట్టి ఎక్కి, తిత్లీ మరక పక్కనుంచి సందులోకి దూరుతుంటే, వాటి క్రమశిక్షణ చూసి నాకే ముచ్చటేసింది. సినిమావాళ్లు వెళ్లిపోయారు, అవి వెళ్లలేదు.

ప్రచారం దగ్గర కూడా వాడు అమెరికా దారే పట్టాడు. 1999లో బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ అనే సినిమా వచ్చినప్పుడు, అందులో వేసిన ముగ్గురూ నిజంగానే అడవిలో తప్పిపోయారన్నట్టు పోస్టర్లు పంచారు. జనం నమ్మేశారు. మావాడు రీఛార్జి కుర్రాడి ఫోటో వేసి, కింద 'కనబడుటలేదు' అని తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చేయించి, బస్టాండు నుంచి కోట దాకా అంటించాడు. తెల్లారేసరికి షాపు ముందు యాభై మంది. ఎవరికీ ఆ కుర్రాడి మీద బెంగ లేదు. అందరూ వాడికి ఫోన్లు రిపేరుకిచ్చినవాళ్లు. వాళ్లమ్మ ఏడుస్తూ రావడం అసలు గొడవ, దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. కుర్రాడు లోపల కూర్చుని స్క్రీన్ గార్డు అతికిస్తున్నాడు.

సినిమా ఒక కల్యాణమంటపంలో వేశారు. ముందురోజు పెళ్లి తాలూకు పూలదండలు స్టేజీ మీద అలాగే వేలాడుతున్నాయి. వాటి మధ్య తెర కట్టారు. పెళ్లికూతురి పేరులో చివరి రెండక్షరాలు తెర పక్కనుంచి తొంగిచూస్తున్నాయి. టికెట్ లేదు, గేటు దగ్గర బొరుగుల మిక్చర్ మాత్రం అమ్మారు. దాని మీద లాభం వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి.

మొదటి కేక దాకా హాలు నిశ్శబ్దంగానే ఉంది. దెయ్యం మెట్ల మీద చీకట్లోంచి ఒక్కో మెట్టూ దిగుతోంది. జుట్టు మొహం మీద పడింది. చెయ్యి ముందుకు చాచింది. అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన, చాలా మర్యాదగానే, "బాబూ, మొన్నిచ్చిన ఫోను బాగయిందా?" అన్నాడు.

అంతే, ఇంక ఎవరూ భయపడలేదు.

అర్ధరాత్రి సీనొచ్చింది. పగలు తీసి నీలం రంగు పులిమితే రాత్రవుతుందని మావాడి నమ్మకం. అయింది కూడా. కానీ మేడ మీద మా ఆవిడ పెట్టిన గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. వెన్నెల్లో వడియాలు ఎండడం ఆడవాళ్లు వెంటనే పట్టేశారు. పిండిలో మిరపకాయలు సరిపోయాయా లేదా అని ఒక వరసంతా చర్చ. వెనకాల బండి కూత వినబడింది. "ఈ వేళప్పుడు గుణుపూర్ బండి ఏటిరా?" అని ఎవడో వాచీ చూసుకున్నాడు. పక్కింటి ఒడియా పెద్దాయన, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన మనిషి, ప్రతి పది నిమిషాలకీ పక్కవాడి మోచెయ్యి పొడిచి "భూత కాహిఁ?" అని అడుగుతూనే ఉన్నాడు. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక కూడా దెయ్యమెక్కడని అడిగాడు. పక్కవాడు రీఛార్జి కుర్రాణ్ణి చూపించాడు.

బయట చెట్టు కింద అభిప్రాయ సేకరణ జరిగింది. మావాడే ఫోను పట్టుకుని ఒక్కొక్కరి మొహంలో పెట్టాడు. మా వీధి రిటైర్డ్ తెలుగు మాస్టారు నిప్పులు కక్కారు. "గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊరిది. వాడుక భాష కోసం ఆయన ఇక్కణ్ణుంచే పోట్లాడారు. అలాంటి ఊళ్లో దెయ్యం 'ఓరీ నరాధమా, నిన్ను విడిచిపెట్టను గాక' అంటుందా? చచ్చిపోతే భాష కూడా చచ్చిపోవాలా?" ఆయన కోపంలో న్యాయముంది. దెయ్యం కూడా "నిన్ను ఒగ్గనురా" అనుంటే నా మటుకు నేను కాస్త జడిసేవాణ్ణే.

కెమెరా ఊగిపోయిందని కొందరు. స్కూటరు మీద కూర్చుని తీశాడా అని ఒకాయన. బ్లెయిర్ విచ్ చూసి కూడా జనానికి కళ్లు తిరిగాయని మావాడు సర్దిచెప్పబోతే, "ఆళ్లకి అడివి, గుట్టలు. నీకు చదునైన ఇల్లు కదరా" అన్నాడాయన. బరంపురం నుంచి వచ్చిన ఒక ఫిల్మ్ సొసైటీ పెద్దమనిషి మాత్రం చాలా సేపు ఆలోచించి, దెయ్యం బుగ్గ మీద పాకే చీమలు మన సమాజంలోని కుళ్లుకి ప్రతీక అన్నారు. మావాడు తలూపాడు, అది తనే ఆలోచించినట్టు. చివర్న ఆయన ఇంకో మాట అన్నారు. "అందరిలోకీ ఆ ఇల్లే బాగా నటించింది."

ఆ మాట ఊరంతా పట్టుకుంది. అక్కణ్ణుంచి నా కష్టాలు.

శాన్ డియాగో సినిమా చూసినవాడికి ఆ ఇల్లెవరిదో తెలీదు. తెలీదు కాబట్టి అది తనిల్లే అనిపిస్తుంది, భయం వెంట తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంటాడు. మా ఊళ్లో అలా కాదు. ఇల్లెవరిదో అందరికీ తెలుసు. హాల్లో పగలబడి నవ్వినవాళ్లు పైసా భయం కూడా ఇంటికి తీసుకెళ్లలేదు, మొత్తం తెచ్చి మా గేటు దగ్గర దింపిపోయారు. దెయ్యాన్ని ఒక్కడూ నమ్మలేదు. ఇంటిని మాత్రం అందరూ నమ్మారు.

పాలవాడు మెట్లెక్కడం మానేశాడు. "అమ్మా, సినిమా సూసేనండి. అయ్యన్నీ నానేటి నమ్ముతానండి. పాలు మట్టుకు గేటుకే కట్టెత్తాను." మీటరు చూసే అబ్బాయి వీధిలోనే నిలబడి, పోయిన నెల ఎంతొచ్చిందో నన్నే అడిగి రాసుకుని వెళ్లాడు. ఎదురింటావిడ నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది, అదీ తన గుమ్మానికి కాదు, మా వైపున్న కిటికీకి. మా ఆవిడకి దెయ్యం సంగతి పట్టలేదు గానీ, ఇది తగిలింది. అంతకన్నా ఇంకోటి తగిలింది. పేరంటానికి వెళ్తే, ఆ పట్టుచీర కట్టుకుని వెళ్లింది, ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

పై వాటాకి అడ్వాన్సు ఇచ్చిన కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, తెల్లారే వచ్చి వెనక్కి అడిగాడు. "నాకేం భయం లేదండీ, మా అమ్మకి" అన్నాడు. వాళ్లమ్మ సినిమాకి రాలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఇల్లు చూసేవాళ్లు కారు, సినిమా చూసినవాళ్లు. మెట్ల దగ్గర సెల్ఫీ తీసుకుంటారు, మరక ముందు నిలబడి ఒకడు కేకేస్తాడు, ఇంకొకడు వీడియో తీస్తాడు, అద్దె మాట ఎత్తకుండా నీళ్లు తాగి వెళ్లిపోతారు. బ్రోకరు ఫోనెత్తడం మానేశాడు. మా బావమరిది మాత్రం ఇదంతా చూసి పొంగిపోయాడు. "బావా, ఇంటికి వెళ్లాక కూడా జనం భయపడుతున్నారంటే సినిమా హిట్టే!" వాడికి మా ఆవిడ వడ్డించిన చారులో ఉప్పు లేదు. మామూలుగా అలా జరగదు.

ఇలా ఉండగా పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చాడు. ఇక్కడ సరుకు దింపుకోవడానికీ, గుమస్తాలు పడుకోవడానికీ పై వాటా కావాలన్నాడు. చంకలో సంచీ, చెవిలో పెన్ను. గదులన్నీ తట్టి చూశాడు. మెట్ల దగ్గర కాస్త ఆగాడు.

"సినిమా సూసే వొచ్చేనండి. అద్దె ఎంత?"

"ఆరు వేలు."

"దెయ్యంతో కలిపా, ఇడిగానా?"

మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది. "దెయ్యం లేదు, ఏం లేదండి. మా తమ్ముడు తీసిన సినిమా అది."

"నాకు తెల్సమ్మా. మా గుమస్తాలకి తెలవాల కదా? ఈ ఇంట్లో రాత్రి పడుకోడానికి ఆళ్లు మనిషికింత అని పైన అడుగుతారు. ఆ ఖర్చు ఎవరిది?"

బేరం సాగింది. ఐదున్నరకి దిగాం. గోడ మరక చూశాడు. అది తిత్లీది అన్నాను. "దానికి తగ్గించమనను బాబూ, మా గోడౌనుకీ ఉంది" అన్నాడు. మంచి మనిషే అనిపించింది. సంచీ కింద పెట్టి, పెన్ను తీసి, అగ్రిమెంటులో దెయ్యం లేదని ఒక ముక్క రాసిమ్మన్నాడు, గుమస్తాలకి చూపించడానికి.

"రాసిస్తామండి" అంది మా ఆవిడ. "దెయ్యం లేదు. ఉన్నవి చీమలే."

ఆయన చటుక్కున వంగి సంచీ పైకి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"దెయ్యం జీడిపప్పు తినదు తల్లీ. చీమలంటే మరో ఐదొందలు తగ్గించాల."