మా పెళ్లిమాటల్లో దుబాసీని నేనే

పోయిన నెల నేను చేసుకోబోయే బెంగాలీ అబ్బాయి వాళ్ల అమ్మానాన్నలు కోల్‌కతా నుంచి వచ్చి కొండమీద దర్శనం చేసుకుని, మర్నాడు ఆదివారం తిరుపతిలో మా ఇంటికి భోజనానికొచ్చారు. ‘ఎట్ల జరిగింది?’ అని అందరూ అడుగుతున్నారు. నాకేం తెలుసు, నేను డ్యూటీలో ఉన్నా! వాళ్ల బెంగాలీని మావాళ్లకీ, మా తెలుగుని వాళ్లకీ చెప్పీ చెప్పీ నా గొంతు ఎండింది, నా కంచంలో సంగటి గట్టిపడింది.

మూడేళ్లలో నేను బెంగాలీ నేర్చుకున్నా. అబ్బాయిగారికి వచ్చిన తెలుగు ‘బాగుంది’, ‘చాలు’, ‘అన్నా, ఎంత?’. ఆ రోజు ఇంకోటి కలిపాడు. మా అవ్వతో ‘నీళ్లు తింటా’ అన్నాడు. బెంగాలీలో నీళ్లనూ టీనీ కూడా తినడమే అంటారు. అవ్వ చెంబు చేతికిచ్చి, ‘తిను నాయనా, నమిలి తిను’ అంది.

మా నాయన మొదటి ప్రశ్నే ‘మీరేమిట్లు?’. మొహమ్మీదే కులమెట్ల అడిగేది? ‘మీ సొంతూరేది’ అని మార్చేశా. వాళ్ల నాన్న బర్ధమాన్ గురించీ, అక్కడి వరిపొలాల గురించీ అయిదు నిమిషాలు చెప్పాడు. ‘వ్యవసాయం కుటుంబమంట’ అన్నా. నాయన తృప్తిగా తలాడించాడు. ఆయనకేం అర్థమైందో ఇప్పటికీ అడగలేదు.

నా అవసరం రాని ముక్క ఒక్కటే. వాళ్లమ్మ సంగటి తుంచి నాటుకోడి పులుసులో ముంచి, దవడలు నొప్పి పుట్టేలా నములుతా ఉంటే, అవ్వ తన గొంతు తడిమి చూపించి ‘మింగాల, మింగాల’ అంది. ఆమె మింగింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మళ్లీ పెట్టించుకుంది.

ఇన్ని అబద్ధాలాడినా ఏం కాలేదు. ఒక్క నిజం చెప్పినందుకు కొంప మునిగింది. వాళ్లమ్మ నవ్వుతూ అన్న మాట యథాతథంగా చెప్పా: ‘నేను పెళ్లికి రాను.’ మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కొడుకు పెళ్లి తల్లి చూడకూడదని వాళ్ల పాత ఆచారం. అది వివరించి చెప్పేలోపే పెదనాయన లేచి, ‘వేరే రాష్ట్రమంటే రిజిస్ట్రార్ ఆఫీసులో 30 రోజులు నోటీసు అంటిస్తారు, పరువు పోతుంది’ అని మొదలుపెట్టాడు. అది 1954 ప్రత్యేక వివాహ చట్టం గొడవ పెదనాయనా! ఇద్దరమూ హిందువులమే, 1955 హిందూ వివాహ చట్టం ఏ భాష అని అడగదు.

కోపమొచ్చేది మాత్రం అబ్బాయిగారి మీదే. ‘నువ్వు భలే మ్యానేజ్ చేశావ్’ అంట! పొరపాటుగా చెప్తే తప్పు నాది, సరిగ్గా చెప్పినా తప్పు నాదే. ఆ పూట నాకేం కావాలో చెప్పుకునే సందే దొరకలేదు.

వచ్చే నెల మావాళ్లు కోల్‌కతా వెళ్తున్నారు. నోరు విప్పనని ముందే చెప్పేశా. నాయన పంతానికి నోట్‌బుక్ కొని బెంగాలీ మొదలుపెట్టాడు. నిన్న పెన్ను పట్టుకొచ్చి అడిగిన మొదటి మాట: ‘అమ్మాయ్, మీరేమిట్లు అనేదానికి వాళ్లేమంటారు?’