పాత బుల్లెట్ చిట్కాలు కొత్త బండికి పెడితే

ఎండలు ముదరగానే ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలైంది. "బైక్ మీద లాంగ్ టూర్ వెళ్లేవాళ్లు షోరూమ్ మాయలో పడొద్దు, ఇంట్లోనే ఇవి చేసుకోండి, వేలు మిగులుతాయి" అంటూ మొదలై, కింద ఏడు చిట్కాలుంటాయి. కావలిలో నాకు తెలిసిన బండివాళ్లందరి ఫోన్లలోనూ ఉంది. మా తమ్ముడైతే శ్రీశైలం బయల్దేరే ముందురోజు కారు ఇంజిన్ ఆయిల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఇంజిన్ ఇంజినే గదా, పోసేద్దామా?"

ఇంట్లో చేసుకోవద్దని నేను అనను. నా బండి పని సగం మా వరండాలోనే అవుతుంది. ఏడింటిలో ఒకటి నికార్సైన మాట కూడా: స్పేర్ క్లచ్ కేబుల్, ఒక ప్లగ్, నాలుగు ఫ్యూజులు వెంట పెట్టుకోమనడం. నా పేచీ మిగతా ఆరింటితోనే.

"కారు ఆయిల్, బండి ఆయిల్ ఒకటే, పేరు మార్చి అమ్ముతారు." ఇది రాసినాయన పాత బుల్లెట్ మనిషని నా అనుమానం. ఆ బండిలో ఇంజిన్ ఆయిల్ వేరు, క్లచ్ వైపు ఆయిల్ వేరు, గేర్‌బాక్స్‌ది వేరు. ఇంజిన్‌లో ఏది పోసినా క్లచ్‌కి తెలిసేది కాదు. ఇప్పటి గేర్ల బండ్లలో దాదాపు అన్నిటికీ ఒకే ఆయిల్ మూడు పనులూ చేస్తుంది, క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. క్లచ్ పట్టు నిలిచేదే రాపిడి మీద. అందుకే డబ్బా వెనక, ఆయిల్లో మునిగే క్లచ్‌కి తగినదని చెప్పే 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2' గుర్తు ఉందో లేదో చూడాలి. లేని ఆయిల్ పోస్తే కొన్నాళ్లకు హైవే మీద యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది గానీ స్పీడు పెరగదు.

"రోహిణి కార్తెలో టైర్లలో ఐదు పాయింట్ల గాలి తగ్గించండి, లేకపోతే పేలతాయి." అసలు సంగతి దీనికి తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కభాగం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా ముడుచుకుని సాగుతుంది. వేడి పుట్టేది అక్కడే. వెనక మనిషి, రెండు సంచుల సామాను ఉంటే మరీ. కంపెనీ చెప్పే లెక్క చల్లటి టైరుకి. 30 డిగ్రీల దగ్గర 32 పాయింట్లు చూపించిన టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 36, 37 చూపిస్తుంది. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే టైరు తయారవుతుంది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఆగకుండా వచ్చి, బంకులో రీడింగ్ చూసి గాలి వదిలేసేవాళ్లని చూశాను. పొద్దున బండి తీయకముందే చూసుకోండి, చిన్న గేజ్ ఒకటి కొనుక్కుంటే చాలు.

ఇక చైన్. నాకు ఎక్కువ కోపం వచ్చింది ఇక్కడే. "పెట్రోల్‌తో కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, డబుల్ స్టాండ్ వేసి ఫస్ట్ గేర్‌లో ఇంజిన్ ఆన్ చేసి గుడ్డ పట్టుకోండి, రెండు నిమిషాల పని" అంట. టూరింగ్ బండ్లకు వచ్చే చైన్లలో లింకు లింకుకీ చిన్న రబ్బరు రింగులుంటాయి, లోపల కంపెనీ పెట్టిన గ్రీజు బయటికి పోకుండా. పెట్రోల్ ఆ రబ్బరుని పాడుచేస్తుంది, వైర్ బ్రష్ చీలుస్తుంది. గ్రీజు పోయాక పైన ఎంత నూనె రాసినా లోపలికి పోదు. రింగుల్లేని పాత చైన్‌కి పెట్రోల్ చెల్లింది, దీనికి చెల్లదు. కిరసనాయిలు, మెత్తటి బ్రష్, పొడి గుడ్డ, ఆ తర్వాత 90 గేర్ ఆయిల్ గానీ చైన్ స్ప్రే గానీ. 500 కిలోమీటర్లకోసారి.

ఆ గుడ్డ సంగతి. మా వీధిలో ఒకాయన ఇట్లానే తుడుస్తుంటే గుడ్డ కొస స్ప్రాకెట్‌లోకి, అంటే చైన్ తిరిగే పళ్లచక్రంలోకి పోయింది, దానితోపాటు చూపుడువేలి కొస. ఇప్పటికీ చొక్కా గుండీ ఆయన మధ్యవేలితోనే పెట్టుకుంటాడు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పండి. పావుగంట పడితే పడనీయండి.

టూర్‌కి ముందు చైన్‌ని బిర్రుగా లాగేసేవాళ్లూ ఉన్నారు. సామాను పెట్టాక షాక్ అబ్జార్బర్లు దిగుతాయి, చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ బరువు గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. మాన్యువల్‌లో ఎంత ఊగాలని రాస్తే అంత ఊగనివ్వండి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి, చైన్ అంతటా ఒకేలా అరగదు.

"బ్రేక్ ఆయిల్ మార్చక్కర్లేదు, తగ్గితే పోయండి." ఆయిల్ మట్టం మామూలుగా తగ్గేది ప్యాడ్లు అరుగుతున్నందుకు. అంటే ముందు ప్యాడ్లు చూడాలి. అవి బాగానే ఉన్నా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఇక అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతూ, వెనక మనిషిని పెట్టుకుని, బ్రేక్ మీదే కాలుంచి వస్తే ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. బుడగని నొక్కితే బుడగే నలుగుతుంది, బ్రేక్ పడదు. రెండేళ్లకోసారి మార్పించండి. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండికైతే ఈ ఒక్క పనీ మెకానిక్‌కే ఇవ్వండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

"100 వాట్ల బల్బు వేస్తే రాత్రి పగలే." కంపెనీ ఇచ్చేది 60 వాట్లయితే తీగలో పోయేది 5 ఆంపియర్లు. 100 వాట్లకు ఎనిమిది దాటుతుంది. రిలే (బల్బు కరెంటు స్విచ్ గుండా పోకుండా చూసే చిన్న డబ్బీ) లేకుండా వేస్తే ముందు కరిగేది స్విచ్. ఎదురొచ్చే రొయ్యల బండి డ్రైవర్ కళ్ల గురించి సరేసరి.

చివరిది "వాటర్ సర్వీసింగ్ అయ్యాక బండంతా డీజిల్ కొట్టించండి, మైపాడు బీచ్ ఉప్పుగాలికి తుప్పు పట్టదు." ఇది నేనూ ఏళ్లపాటు కొట్టించుకున్నదే. మెరుపు రెండు రోజులు, ఆ తర్వాత దుమ్మంతా దానికే అతుక్కుంటుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి. ఒకసారి పొగమంచులా కొట్టిన ఆ డీజిల్ వెనక డిస్క్ మీద పడింది. షాపు నుంచి బయటికొచ్చి మొదటి మలుపులో తొక్కితే పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగలేదు. డిస్క్ తుడిస్తే సరిపోయింది గానీ, డీజిల్ పీల్చిన ప్యాడ్లు పారేయాల్సి వచ్చింది. బీచ్ నుంచి రాగానే మామూలు పంపునీళ్లతో ఉప్పు పోయేలా కడిగి, ఆరాక చైన్‌కి నూనె రాస్తున్నాను. రెండు సముద్రపు సీజన్లు అయ్యాయి, నట్ల మీద తుప్పు రాలేదు.