మూడింటికి రమ్మన్నారు

"వాలంటీరా?" అంది అమ్మ విజయవాడ నుంచి ఫోన్లో. "అంటే ఒకటో తారీఖున పింఛన్లు పంచాలా? నెలకి అయిదు వేలిస్తారా?"

2019లో ప్రభుత్వం ఊరూరా వాలంటీర్లని పెట్టాక మా వైపు ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది కాదు మరి. "ఇది వేరమ్మా, నైరోబీలో కిబెరా అని రైలు పట్టాలకి అటూ ఇటూ రేకుల ఇళ్ల బస్తీ ఉంది. అక్కడ ఒక ఛారిటీ వాళ్లు బడి నడుపుతున్నారు, పైసా తీసుకోకుండా పిల్లలకి లెక్కలు చెప్పాలి" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "ఇక్కడ ఇరవై ఏళ్లు జీతం తీసుకుని చెబితేనే ఎవడికీ రాలేదు కదే" అంది.

మావారి ఉద్యోగం వల్ల మేము నైరోబీ వచ్చి అప్పటికి మూడు నెలలు. ఇల్లు పార్క్‌లాండ్స్‌లో. పక్క ఫ్లాట్ గుజరాతీ బెన్ (అక్క అని వాళ్ల మాట) చెబితేనే ఈ బడి సంగతి తెలిసింది. కెన్యా ప్రభుత్వం 2003లో ప్రైమరీ చదువు ఉచితం చేసింది గానీ, కిబెరా లాంటి చోట పిల్లలెక్కువ, సర్కారు బళ్లు తక్కువ. మిగిలిన పిల్లలు చర్చీలూ ఛారిటీలూ నడిపే ఇలాంటి రేకుల బళ్లకే వస్తారు. టీచర్లు ఎప్పుడూ చాలరు.

నాకు ఒక్క విషయంలో మాత్రం టెన్షన్ లేదు. అక్కడి భాష స్వాహిలీ వచ్చేసిందని నా నమ్మకం. కూరలమ్మే ఆవిడ దగ్గర కొంత, ఫోన్లో కొంత నేర్చుకున్నాను. మన తెలుగులాగే దాదాపు ప్రతి మాటా అచ్చుతో ఆగుతుంది. చాయ్ అంటే చాయే, చపాతీ అంటే చపాతీయే. డబ్బు పేసా, కొట్టు దుకా, బండి గారీ, రంగు రంగీ, చివరికి లక్ష కూడా లాకీ. వందల ఏళ్ల సముద్ర వ్యాపారం కొంత, 1896 నుంచి 1901 దాకా అక్కడ రైలు దారి వేసిన మన కూలీలు కొంత, ఈ మాటల్ని అక్కడ వదిలేసి వెళ్లారు. నేర్చుకోవడానికి ఇంకేం మిగిలిందిలే అనుకున్నాను. ఆ మిగిలిందే నా కొంప ముంచింది.

బెన్‌తో కలిసి వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌ని చూశాను. ఆవిడ ఇంగ్లీషు నాకంటే బాగుంది. అయినా మన ప్రతిభ చూపించాలి కదా. "బుధవారం రండి" అనగానే, "సా ంగాపీ?" అని అడిగాను. ఎన్ని గంటలకి అని. ఆవిడ మొహం చాటంత అయింది. "సా టాటు" అంది. మోజా, ఎంబిలి, టాటు. ఒకటి, రెండు, మూడు. అయినా ఎందుకైనా మంచిదని మూడు వేళ్లు చూపించాను. ఆవిడ కూడా మూడు వేళ్లు చూపించింది. ఇక అనుమానం ఎక్కడుంది?

బుధవారం మధ్యాహ్నం మటాటు ఎక్కాను. మటాటు అంటే మన షేర్ ఆటోని మినీ బస్సంత చేసి, ఒళ్లంతా బొమ్మలేసి, లోపల పెళ్లి డీజే పెట్టిన బండి. ఒకప్పుడు ఛార్జీ మూడు నాణేలు ఉండేదట, అందుకే పేరులో టాటు వచ్చిందంటారు. శుభసూచకం అనుకున్నాను. సరిగ్గా మూడింటికి బడి గేటు తట్టాను.

లోపలి నుంచి వాచ్‌మన్ గొంతు. "నాని?"

గుండె ఝల్లుమంది. నాని మా అబ్బాయి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు. వాడి పేరు కిబెరాలో వాచ్‌మన్‌కి ఎలా తెలిసింది? బెన్ చెప్పి ఉంటుంది, ఎంత ఆప్యాయమైన మనుషులో అనుకుని, "బాగున్నాడండీ, హాస్టల్లో ఉన్నాడు" అన్నాను ఇంగ్లీషులో. గేటు అవతల కాసేపు నిశ్శబ్దం. మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా, "నాని?" "పరీక్షలు కూడా అయిపోయాయి" అన్నాను. చివరికి ఆయన గేటు తెరిచి నన్ను కిందికీ పైకీ చూసి, "కరీబు, మామా" అన్నాడు. రండి అని. మామా అంటే వాళ్లకి అమ్మా అనట, నేను మాత్రం నలభై ఆరేళ్లొచ్చాక మామనయ్యాను.

ఆఫీసు గదిలో హెడ్‌మిస్ట్రెస్ గోడ గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "పోలే" అంది. అయ్యో పాపం అన్నమాట. అసలు పాపం పిల్లలదని తర్వాత తెలిసింది. పొద్దున తొమ్మిదింటికి అందర్నీ వరసలో నిలబెట్టి, నా కోసం స్వాగత గీతం సిద్ధం చేశారు. అతిథి రాలేదు. రెండుసార్లు ఖాళీ కుర్చీకే పాడి క్లాసులకి వెళ్లిపోయారు.

స్వాహిలీలో రోజు పొద్దున్నే మొదలవుతుంది. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు ఆరున్నరకి అటూ ఇటూగానే వస్తాడు. అక్కడి నుంచి లెక్క. మన ఏడు వాళ్లకి ఒకటి, మన తొమ్మిది వాళ్లకి మూడు. మా తాతయ్య కూడా పంచాంగం ముందేసుకుని సూర్యోదయం నుంచే ఘడియలు లెక్కపెట్టేవాడు. ఆయన గానీ వచ్చి ఉంటే వేళకి వచ్చి కూర్చునేవాడు.

సరే, వచ్చాను కాబట్టి నాలుగో తరగతికి పంపారు. బెంచీకి అయిదుగురు, మొత్తం అరవై మంది దాకా ఉన్నారు. "నా పేరు సీత" అన్నాను. క్లాసు గొల్లుమంది. ముందు బెంచీ కుర్రాడు లేచి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. "మోజా, ఎంబిలి, టాటు, ఎన్నే, టానో..." ఆరో వేలు నా వైపు చూపించి, "సీటా!" అన్నాడు. వాళ్ల నాలుక టకీ తకీ మధ్యలో ఎక్కడో ఆగుతుంది. ఎలా విన్నా అది నేనే. నేను ఆరుని.

నవ్వితే నవ్వారులే అని భిన్నాలు మొదలుపెట్టాను. "బాబూ, నువ్వొచ్చి బోర్డు మీద చెయ్" అన్నాను. ఇరవై ఏళ్ల అలవాటు, బాబూ, పాపా అనకుండా నా నోట పాఠం రాదు. ఆ కుర్రాడు నడుం వంచి, వీపు మీద చెయ్యి పెట్టుకుని, ఖళ్లు ఖళ్లున దగ్గుతూ వచ్చాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని కూర్చోబెట్టాను. "పాపా, నువ్వు రామ్మా" అన్నాను. ఆ పిల్ల రెండు చేతులూ తల మీద జోడించి, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ వచ్చింది. నమస్కారం! ఎంత సంస్కారం! నా కళ్లు చెమర్చాయి. నేనూ తిరిగి నమస్కారం పెట్టాను.

సాయంత్రం పక్క క్లాసు టీచర్ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. స్వాహిలీలో బాబు అంటే తాత. పాపా అంటే సొరచేప. తల మీద ఆ చేతులు సొరచేప రెక్క. పనిలో పనిగా ఇంకోటి కూడా చెప్పింది. నాని అంటే "ఎవరు?" అని అర్థమట.

ఆ శనివారం హెడ్‌మిస్ట్రెస్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషులో. సోమవారం నైన్ ఓక్లాక్, దయచేసి టైముకి రండి అని. నేను చిరునవ్వు నవ్వుకున్నాను. ఈసారి దొరకను. వాళ్ల తొమ్మిదంటే మన మూడు. మావారు తల గీరుకుని, "ఇంగ్లీషులో తొమ్మిదని రాస్తే తొమ్మిదే కదా?" అన్నారు. "మీకు స్వాహిలీలో చాయ్, చపాతీ తప్ప ఏం తెలుసండీ" అన్నాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి గేటు తట్టాను.

వాచ్‌మన్ ఈసారి నాని అని కూడా అడగలేదు. గేటు తీసి, తల తిప్పి నవ్వుకున్నాడు. స్వాహిలీలో అయితే స్వాహిలీ టైము, ఇంగ్లీషులో అయితే ఇంగ్లీషు టైము. నాలాంటి వాళ్ల కోసమే ఆవిడ జాగ్రత్తగా ఇంగ్లీషులో రాసింది. నా క్లాసు పొద్దున్నే అయిపోయింది, నేను లేకుండా.

క్షమాపణ చెప్పుకుందామని నాలుగో తరగతిలోకి వెళ్లాను. "నిసామెహెని" అనే మాట దారిలోనే బట్టీ పట్టాను. క్షమించండి అని. నోరు తెరిచానో లేదో పైన రేకుల మీద వాన మొదలైంది. మే నెల నైరోబీ వాన. రేకుల బడిలో వాన పడితే పాఠం ఆపేసి కూర్చోవడమే, మన మాట మనకే వినపడదు. నేను గొంతు చించుకుని నిసామెహెని, నిసామెహెని అని అరుస్తుంటే, పిల్లలు చెవుల దగ్గర చెయ్యి పెట్టుకుని ఏంటీ, ఏంటీ అని సైగలు చేస్తున్నారు. సొరచేప పిల్ల లేచింది. నా చేతిలో సుద్దముక్క తీసుకుని బోర్డు మీద లెక్క వేసింది. రావాల్సింది పొద్దున 9. వచ్చింది మధ్యాహ్నం 3. తేడా 6. ఆ ఆరు కింద రెండు గీతలు గీసి, పక్కనే చక్కటి అక్షరాలతో రాసింది: మ్వాలిము సీటా.

మ్వాలిము అంటే టీచరు. లెక్క తప్పని దిద్దడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు.

మంగళవారం ఏ భాషా నమ్మకుండా అన్నిటికంటే ముందే వెళ్లాలనుకున్నాను. చీకటితో లేచి, మావారికి ఉప్మా మూత పెట్టేసి, మొదటి మటాటులో కూలబడ్డాను. రాత్రి వానకి దారంతా బురద. చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచాను. లోపల చప్పుడు లేదు. తట్టాను. ఎవరో చాపలోంచి లేచి ఆవలించిన చప్పుడు.

"నాని?"

ఇప్పుడు నాకు తెలుసు. ధీమాగా, "సీత" అన్నాను.

కాసేపు ఏం వినపడలేదు. గడియారం చూసుకుంటున్నట్టున్నాడు. తర్వాత రేకు గేటు అవతలి నుంచి నిద్ర గొంతుతో, ఎంతో మర్యాదగా అన్నాడు: "కాదు మామా, ఆరు కాలేదు. ఇంకా ఒంటిగంటే."