సవరణ: ప్రింటర్ షేరింగ్ కోసం ఫైర్‌వాల్ ఆపక్కర్లేదు

అమలాపురంలో మా పెదనాన్నగారింట్లో మేడమీది విండోస్ కంప్యూటర్ నుంచి, కింది కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటర్‌కి ప్రింట్ వెళ్లకపోతే, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే అనుమతిలేని కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) ఆపేసి, ‘ఎవ్రీవన్’కి ‘మేనేజ్ దిస్ ప్రింటర్’ అనుమతి కూడా ఇవ్వాలని మొన్న రాశాను. అది తప్పు.

మైక్రోసాఫ్ట్ సహాయ పేజీలు చదివి మళ్లీ వెళ్లి చూశాను. కింది కంప్యూటర్‌లో వైఫై ‘పబ్లిక్’ (నమ్మకం లేని బయటి నెట్‌వర్క్) అని ఉంది. దాన్ని ‘ప్రైవేట్’ (నమ్మకమైన ఇంటి నెట్‌వర్క్) చేసి, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ ఆన్ చేశాను. ఫైర్‌వాల్ నడుస్తుండగానే కొబ్బరికాయల లోడు బిల్లు చక్కగా బయటికొచ్చింది. అనుమతుల్లో ‘ప్రింట్’ ఒక్కటి చాలు. ‘మేనేజ్’ ఇస్తే ఎవరైనా ప్రింటర్ సెట్టింగులు మార్చేయొచ్చు.

నా మాట విని ఫైర్‌వాల్ ఆపినవాళ్లు దయచేసి ఈరోజే ఆన్ చేసుకోండి. అన్నట్టు, ప్రింటర్ తగిలించిన కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లినా ప్రింట్ రాదు.