సవరణ: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కొలతలు

పాత పెట్రోలు కార్లలో కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని కొలిచేది) మల్టీమీటర్‌తో పరీక్షించడంపై రాసిన టపాలో "చల్లని ఇంజిన్‌పై సుమారు 2,500 ఓములు చూపాలి" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోవాలి: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 2,500 ఓములు, 40 వద్ద దాదాపు 1,200, 80 వద్ద 320 ప్రాంతం.

వేడి పెరిగేకొద్దీ ఈ సెన్సర్ నిరోధం తగ్గుతుంది. రాత్రంతా ఆపి ఉంచినా, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఇంజిన్ 20 డిగ్రీలకు ఎక్కడ దిగుతుంది? తెల్లవారుజామున 1,500 చూపితే సెన్సర్ నిక్షేపంగా ఉన్నట్టే. ఇవి బాష్ కంపెనీ తరహా రెండు పిన్నుల సెన్సర్ల అంకెలు. మీ బండి సర్వీసు మాన్యువల్‌లో వేరే పట్టిక ఉంటే దానిదే చివరి మాట.

ఇంకొకటి. ఇంజిన్ కంప్యూటర్ పి0118 అనే లోపం కోడ్ చూపిందంటే సెన్సర్ పోయిందని అర్థం కాదు, ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ పరిమితి దాటిందని మాత్రమే. పాత బండిలో తెగిన తీగో, చిలుము పట్టిన కనెక్టరో కూడా ఇదే కోడ్ తెస్తాయి. ఇగ్నిషన్ ఆన్ చేసి, సెన్సర్ నుంచి ఊడదీసిన వైరింగ్ కనెక్టర్ పిన్నులను చిన్న తీగతో కలపండి. కోడ్‌లు చదివే స్కానర్‌లో ఉష్ణోగ్రత అమాంతం పైకి ఎగబాకితే వైరింగ్ బాగున్నట్టు. కొత్త సెన్సర్ కొనే ఆలోచన ఆ తరువాతే.